ఎదురు చెబితే గానీ ఎక్కని బుర్ర

ముందుగా దేవునికి స్తోత్రం. ఒక్కొక్కరికీ ఒక్కో తీరు బుర్రనిచ్చి పుట్టించిన ఆయనకి మహిమ. ఆ బుర్రలన్నింటినీ మేము ఒకే చాప మీద కూర్చోబెట్టి ఒకే గొంతుతో వల్లె వేయిస్తుంటే, చూసి కూడా ఇంతవరకూ మా మీద పిడుగు వేయని ఆ సహనానికి మరీ మరీ మహిమ. నా తల ఏ పద్ధతిలో పని చేస్తుందో తెలుసుకునేసరికి నాకు నలభై దాటాయి. ఆయనకి మాత్రం నేను మా అమ్మ కడుపులో ఉన్నప్పటి నుంచే తెలుసు. కాస్త ముందుగా చెప్పి ఉంటే బాగుండేది ప్రభువా అని ఒకటి రెండుసార్లు ప్రార్థనలో అన్నాను కూడా. ఆయన ఏమీ అనుకోలేదు. అదే మాట మా సంఘ పెద్దలతో అని ఉంటే, నా కోసం ఒక ఉపవాస కూడిక పెట్టేవాళ్ళు.

మాది గురజాల దగ్గర పల్లె. మా నాన్న అక్కడి సంఘంలో పెద్ద. ఆదివారం బడి మందిరం వెనక రేకుల షెడ్డులో జరిగేది. పల్నాటి ఎండాకాలంలో రేకుల కింద పిల్లల్ని కూర్చోబెట్టాక, నరకం గురించి పాఠం చెప్పడానికి ఏ ఉపాధ్యాయురాలికీ పెద్ద కష్టం ఉండదు. కష్టమంతా కంఠత వాక్యం దగ్గరే. వారానికొక వాక్యం ఇచ్చేవాళ్ళు. గొంతు పోయేదాకా అరవాలి, మరుసటి వారం నిలబడి ఒప్పజెప్పాలి. ఏడాది చివర బాగా ఒప్పజెప్పినవాళ్ళకి మూత ఉన్న స్టీలు డబ్బా ఇచ్చేవాళ్ళు. మా వీధిలో ప్రతి వంటింట్లోనూ ఆ డబ్బాలు వరసగా ఉండేవి. పెద్దగారి వంటింట్లో మాత్రం ఉండేవి కావు.

వాక్యాలు నాకు రాక కాదు, మొదటి మాట దగ్గరే ఏదో ప్రశ్న అడ్డొచ్చి ఆగిపోయేదాన్ని. తప్పిపోయిన ఒక్క గొర్రె కోసం మందనంతా వదిలేసి వెళ్ళిన కాపరి కథ చెప్పినప్పుడు, మా ఉపాధ్యాయురాలిని అడిగాను. ఆమె మాకు వరసకి పిన్ని.

"పిన్నీ, మరి ఆ మిగతా గొర్రెల్ని ఎవరు చూస్తారు?"

"ముందు కంఠతా చెయ్."

"మా పక్కింటి బాబాయి అట్టా ఒకదాని కోసం పోతే, వచ్చేలోపల రెండింటిని కుక్కలు పీకినయ్యి పిన్నీ."

"అర్థం పెద్దయ్యాక అయిద్ది. ఇప్పుడు నోరు తెరిచి వాక్యం చెప్పు."

పెద్దయ్యాక అయిద్ది అని చెప్పిన పెద్దవాళ్ళకి ఇంకా కాలేదన్న సంగతి నాకు అప్పుడు తెలియదు. నోరు తెరిచాను, వాక్యం రాలేదు. పిన్ని సాయంత్రం మా ఇంటికొచ్చి మా నాన్నతో, "పిల్ల నోరు బాగానే ఉంది బావా, వాక్యం కాడే మూతబడిద్ది" అంది.

సంఘ పెద్ద కూతురికి వాక్యం రాకపోవడం మా ఊళ్ళో ఒక పిల్ల చదువు సంగతిగా మిగలదు. అందుకని వైద్యం మొదలైంది. ఉజ్జీవ కూడికలకి వచ్చిన ఒక ప్రసంగీకుడు నా నెత్తి మీద చెయ్యి పెట్టి, మతిమరుపు ఆత్మను గట్టిగా గద్దించి, ప్రార్థన చేసిన కొబ్బరినూనె సీసా ఇచ్చి వెళ్ళాడు. నూనె మంచిదే. జుట్టు ఒత్తుగా వచ్చింది. తర్వాత ఎవరో సరస్వతి ఆకు పచ్చడి పెట్టమన్నారు. ఆ ఆకు పేరు నోట పలకడం మా నాన్నకి ఇష్టం లేదు, ఆకు మానడమూ ఇష్టం లేదు. కాబట్టి మా ఇంట్లో దానికి 'ఆ ఆకు' అని పేరు స్థిరపడింది. "పాపకి ఆ ఆకు పెట్టావా?" "పెట్టానండీ." పెరటి గోడ అవతల ఆ మొక్క పెంచే అత్త మాత్రం, "ఏం వదినా, సరస్వతాకు కొయ్యమంటావా?" అని వీధి చివరిదాకా వినబడేట్టు అరిచేది. మా అమ్మ గోడ మీదుగా చెయ్యి చాపి, తల అటు తిప్పుకుని, ఆకు అందుకునేది.

ఆ తర్వాత ఇంటర్మీడియట్‌కి నన్ను నరసరావుపేటలో ఒక కాలేజీ హాస్టల్లో వేశారు. అక్కడికి పోయాక తెలిసింది, మా ఆదివారం బడి వాళ్ళు అమాయకులని. వాళ్ళు వారానికొక వాక్యంతో సరిపెట్టారు. ఇక్కడ పేజీలకి పేజీలు. స్టడీ అవర్‌లో పిల్లల పెదవులన్నీ కదులుతూ ఉండాలి. కదలని పెదవుల కోసం ఒక వార్డెన్ వరసల మధ్య తిరుగుతూ ఉండేది. నేను ఒకసారి నోరు మూసుకుని ఆలోచిస్తూ పట్టుబడ్డాను. "ఏం చేస్తున్నావే?" అంటే "ఆలోచిస్తున్నా మేడమ్" అన్నాను. "అది ఇంటికాడ చేసుకో" అంది. చదువు మీద ఇంత చక్కని మాట ఇంతవరకూ నేను ఇంకోటి వినలేదు.

ఎట్లాగో డిగ్రీ అయింది, బి.ఎడ్. అయింది, పెళ్ళయింది. మా ఆయన బస్సు కండక్టరు. నేను నరసరావుపేటలోనే ఒక ప్రైవేటు బళ్ళో సోషల్ చెబుతున్నాను. జ్ఞాపకం లేని మనిషికి చరిత్ర చెప్పే ఉద్యోగం ఇచ్చిన దేవుని హాస్యానికి కూడా స్తోత్రం.

కొన్నేళ్ళ కిందట మా బడికి ఒక శిక్షణ ఆయన వచ్చాడు. సూటు వేసుకున్నాడు. ఏప్రిల్ నెలలో, మా ఊళ్ళో, సూటు. ఎవరు ఏ పద్ధతిలో నేర్చుకుంటారో తెలుసుకుంటే జీవితమే మారిపోతుందని గోడ మీద బొమ్మలు వేసి చెప్పడం మొదలుపెట్టాడు.

"మనుషులు మూడు రకాలు. కంటితో నేర్చుకునేవాళ్ళు, చెవితో నేర్చుకునేవాళ్ళు, చేత్తో నేర్చుకునేవాళ్ళు."

నేను చెయ్యెత్తాను. "సార్, మరి పోపు పెట్టడం ఏ రకంలోకి వస్తుంది? ఆవాలు కంటితో చూడాలి, చిటపట చెవితో వినాలి, గరిట చేత్తో తిప్పాలి గదా."

"ప్రశ్నలు చివర్లో మేడమ్."

"చివరికి నాకు గుర్తుండదు సార్."

"అయితే మీరు రాసుకోండి."

"రాసుకుంటే చేత్తో నేర్చుకునేదాన్ని అయిపోతానా సార్?"

మా ప్రిన్సిపాల్ నా వైపు చూశాడు. నేను కూర్చున్నాను, కానీ మధ్యలో ఇంకో రెండు మూడుసార్లు లేచాను. చివర్లో అందరి ఫోన్లకీ ఒక లింకు పంపారు. ప్రశ్నలకి జవాబులు నొక్కుకుంటూ పోతే మన రకం ఏదో అదే చెబుతుంది. నాకు మూడూ సమానంగా వచ్చాయి. "మీరు బ్యాలెన్స్‌డ్ మేడమ్" అన్నాడాయన, ఇక వదిలిపెట్టమన్నట్టు. పక్కన కూర్చున్న లెక్కల టీచరు నా చెవిలో, "అంటే మీకు ఏదీ లేదని మర్యాదగా చెప్పాడు" అంది.

ఆ సాయంత్రం డ్యూటీ దిగి వచ్చిన మా ఆయనకి అన్నం పెడుతూ ఈ సంగతి చెప్పాను. చెప్పడమంటే మొత్తం చెప్పాను. ఆ సూటాయన ఏ బొమ్మ తర్వాత ఏ బొమ్మ వేశాడు, ఏ మాటకి నేనేమన్నాను, దానికి ఆయనేమన్నాడు, ఒక్కటీ పోలేదు. మా ఆయన ముద్ద చేతిలో పట్టుకుని వింటూ, "ఆయనతో పోట్లాడావా?" అన్నాడు.

"పోట్లాడలా. అడిగాను."

"అదేలే. అందుకే గుర్తుంది. మా అమ్మతో నువ్వు పడ్డ గొడవలు పెళ్ళైన కొత్తల్నుంచీ వరసగా చెబుతావు, ఎవరు ఏ గుమ్మంలో నిలబడి ఏమన్నారో దాంతో సహా. పోయిన ఆదివారం అయ్యగారి ప్రసంగం చెప్పు చూద్దాం."

అయ్యగారంటే మా సంఘ కాపరి.

"ప్రేమ గురించి చెప్పారు."

"ఏం చెప్పారు?"

"మంచిదని."

ఆయన నవ్వి మజ్జిగ పోసుకున్నాడు. నాకు నవ్వు రాలేదు. చిన్నప్పటి వాక్యాలన్నీ పోయినా ఆ గొర్రె ఒక్కటి ఎందుకు మిగిలిందో అప్పుడు అర్థమైంది. పిన్నితో వాదన పెట్టుకున్నది దాని గురించే. నా బుర్రకి కన్ను, చెవి, చెయ్యి ఏవీ తలుపులు కావు. ఎవరైనా ఒక మాట అని, దానికి నేను 'అదెట్లా?' అని అడ్డం నిలబడితే, ఆ తోపులాటలో మాట లోపలికి వచ్చి పడుతుంది. తలూపి ఒప్పుకున్నది వచ్చిన దారినే పోతుంది.

పుట్టినప్పటి నుంచీ ఆమేన్ అనడమే పద్ధతిగా పెరిగిన మనిషికి ఇది సంతోషించాల్సిన సంగతి కాదు. ఇది విశ్వాసంలో లోపమేమోనని కొన్నాళ్ళు భయపడ్డాను. తర్వాత లేఖనాలు మళ్ళీ తిప్పాను. అందులో ఒక ఊరిని నాశనం చెయ్యొద్దని దేవునితో కూరగాయల బేరమంత గట్టిగా బేరమాడిన ముసలాయన ఉన్నాడు. రాత్రంతా దేవునితోనే పెనుగులాడి తుంటి నొప్పితో తిరిగొచ్చినవాడు ఉన్నాడు. వాళ్ళెవర్నీ ఆయన బడి నుంచి తీసేయలేదు. పైగా వాళ్ళకే పెద్ద వాగ్దానాలు ఇచ్చాడు. మా పిన్ని దగ్గర చదివి ఉంటే ఇద్దరికీ నూనె సీసాలు వచ్చేవి.

ఈ తెలివి వచ్చిన కొద్ది కాలానికే మా సంఘంలో స్త్రీల వాక్య తరగతి ఖాళీ అయింది. అంతవరకూ చెప్పిన అమ్మగారు మోకాళ్ళ నొప్పులతో మాచర్లలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు. ఆ తరగతి నాకు కావాలి. ఉద్యోగంలో ప్రమోషన్ కూడా నేను అంతగా కోరుకోలేదు. అడిగిన ప్రతిసారీ నోరు మూసుకోమని చెప్పించుకున్న మనిషికి, ఎవరైనా అడిగితే కూర్చుని మాట్లాడే చోటు ఒకటి ఉండాలనిపించడం ఆశ అయితే, అవును, ఆశే.

మా సంఘంలో పోటీ అనేది ఉండదు. 'దేవుని చిత్తం కోసం కనిపెట్టడం', అంటే ఎదురుచూడడం, ఉంటుంది. అలా నాతోపాటు కనిపెడుతున్నది ఇంకో అక్క. ఆమెకి మా వీధి చివర కిరాణా కొట్టు ఉంది. ఏ అధ్యాయం అడిగినా ఆపకుండా అప్పజెబుతుంది. పప్పు తూస్తూ ఒక కీర్తన, చిల్లర ఇస్తూ ఇంకో కీర్తన. ఆమె దగ్గర ఉన్నది నాకు లేదని నేను ఎన్నోసార్లు అసూయపడ్డాను, అది వేరే సంగతి. పెద్దలు మా ఇద్దరికీ ఒకే పాఠం ఇచ్చారు, ద్రాక్షతోట కూలీల ఉపమానం. రెండు వారాల తర్వాత శనివారం స్త్రీల కూడికలో ఒకరి తర్వాత ఒకరం చెప్పాలి. కాగితం చూడకూడదు.

కాగితం సంగతి మా వాళ్ళకి చానా పట్టింపు. కాగితం చూసి మాట్లాడేవాడి మీద ఆత్మ నిలవదని నమ్మకం. దేవుడు తన మాటలన్నీ రాయించే పెట్టాడు గదా అని ఎవరూ అడగరు. అయ్యగారు తన ప్రసంగం ఫోనులో చూసుకుంటూ చెబుతారు. అది పరవాలేదు, ఫోను కాగితం కాదు.

వారం రోజులు వల్లె వేసి చూశాను. మా ఆయన ముందు నిలబడి ఒప్పజెప్పబోతే రెండో మాటకే బండి ఆగింది. ఆయన ఎంతో ప్రేమగా తల ఊపుతూ విన్నాడు, అందుకే ఆగిందని ఆయనకి చెప్పలేకపోయాను.

బడికి వేసవి సెలవులు. మర్నాడు మధ్యాహ్నం మా అత్తగారు వరండాలో గోనెపట్టా పరుచుకుని, ఏడాదికి సరిపడా కారం కోసం ఎండు మిరపకాయలకి తొడిమలు తీస్తోంది. నకరికల్లు వైపు కౌలుకి మిరప వేసిన రోజుల్లో పొద్దున్నే అడ్డా మీదికి పోయి కూలీల్ని మాట్లాడి ఆటోల్లో ఎక్కించుకొచ్చింది ఆమే. నేనూ పక్కన కూర్చుని కాయలు అందుకున్నాను.

"ఒక ఆసామి ఉన్నాడత్తయ్యా. పొద్దున్నే అడ్డా మీదికి పోయి, తోటలో పనికి కూలీల్ని మాట్లాడుకున్నాడు."

"ఏం తోట?"

"ద్రాక్షతోట."

"ద్రాక్ష మనకేం తెలుసు? మిరప అనుకో. ఊఁ?"

"పని ఎక్కువుందని మధ్యాహ్నం మళ్ళీ కొందర్ని తెచ్చాడు. ఇంకాసేపట్లో పని ముగుస్తుందనగా పోయి, అడ్డా మీద ఇంకా నిలబడున్నోళ్ళని కూడా తీసుకొచ్చాడు. చివరికి అందరికీ ఒకటే కూలి ఇచ్చాడు."

ఆమె చేతులు ఆగిపోయాయి. "అందరికీనా?"

"అందరికీ."

"పొద్దుటినుంచీ ఎండలో కోసినోళ్ళకీ, పొద్దుగూకి వచ్చినోళ్ళకీ?"

"ఇద్దరికీ ఒకటే."

"ఏం ఆసామే వాడు! మర్నాడు పొద్దున్నే వాడి చేలోకి ఎవరొస్తారు? అందరూ సాయంత్రమే దిగుతారు. కాయ చెట్టు మీదే పండి రాలిపోయిద్ది."

ఈ ఉపమానం మా అత్తగారు పుట్టిన దగ్గర్నుంచీ వింటున్నదే. విన్న ప్రతిసారీ ఆమేన్ అన్నదే. ద్రాక్ష అన్నంతకాలం ఆమెకి ఏ అభ్యంతరమూ లేదు. మిరప అనేసరికి లేఖనమంతా తిరగబడింది.

"పొద్దున వచ్చినోళ్ళకి మాట్లాడుకున్న కూలి ఇచ్చాడు గదత్తయ్యా, తగ్గించలేదు గదా."

"తగ్గించకపోతే మాత్రం? వాళ్ళ ఎదురుగానే ఇయ్యాలా? ముందు వాళ్ళని పంపించి తర్వాత ఇయ్యొచ్చుగా. ఆ మాత్రం తెలివి లేదా?"

"అంటే దాచిపెట్టి ఇస్తే న్యాయమవుతుందా?"

"ఏమే, నువ్వు ఆసామి తరఫా, కూలీల తరఫా?"

ఆ వాదన ఆ రోజుతో తెగలేదు. తొడిమలు అయిపోయాయి, చింతపండు గింజలు తీయడం మొదలైంది, అదీ అయిపోయింది. మా ఆయన ఇంట్లోకి వచ్చినప్పుడల్లా ఆమె "ఒరేయ్, నువ్వు చెప్పరా" అనేది, ఆయన వెంటనే ఏదో పని గుర్తొచ్చి బయటికి పోయేవాడు. శుక్రవారానికి చూసుకుంటే ఉపమానమంతా నా దగ్గర ఉంది. ఒక్క మాట కూడా వల్లె వేయలేదు.

శనివారం మందిరంలో పెద్దలు ప్లాస్టిక్ కుర్చీల్లో గోడవారగా కూర్చున్నారు. ఆడవాళ్ళందరూ తల మీద కొంగు వేసుకుని చాపల మీద సర్దుకున్నారు. ముందు అక్క నిలబడింది. కళ్ళు మూసుకుని ఉపమానం మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. దానికి తోడు ఇంకో రెండు అధ్యాయాల్లోంచి వాక్యాలు అల్లింది. ప్రతి వాక్యానికీ ఆమేన్ పడింది. చివర్లో ఒక పెద్దాయన కళ్ళు తుడుచుకున్నాడు.

తర్వాత నేను. వందనాలు చెప్పాను. అందరూ వందనాలు చెప్పారు. ఆ పైన నిశ్శబ్దం. ఎంతో మర్యాదైన, భక్తిగల నిశ్శబ్దం. నేను ఏం చెప్పినా ఒప్పుకోవడానికి సిద్ధంగా ఉన్న ముఖాలు. వాటిని చూడగానే నా తలలో దీపం ఆరిపోయింది. ఎవరైనా ముఖం చిట్లిస్తే బాగుండు. ఎవరైనా 'అదేంది?' అంటే బాగుండు. వయసులో పెద్దదని కుర్చీ వేయించుకుని ముందు వరసలో కూర్చున్న మా అత్తగారి వైపు చూశాను. ఇంట్లో వారమంతా నోరు మూయని ఆ మనిషి, కళ్ళు దించుకుని, చేతులు కట్టుకుని, సాధ్వీమణిలాగా కూర్చుని ఉంది. ఒక పెద్దాయన వాచీ చూసుకున్నాడు.

"అత్తయ్యా, ఆ ఆసామి చేసింది న్యాయమేనంటారా?" అన్నాను మైకులో.

ఆమె ఉలిక్కిపడి పెద్దల వైపు చూసి, గొంతు తగ్గించి, "మందిరంలో నన్నెందుకే అడుగుతావు?" అంది.

"మన మిరపతోటలో అయితే ఒప్పుకుంటారా?"

అంతే. కొంగు జారిపోయింది. "ఎందుకొప్పుకుంటానే? నిన్నటికి నిన్న చెప్పా గదా!"

వెనక చాప మీద నుంచి ఒకామె మా అత్తగారితో, "పిన్నీ, ఆసామి డబ్బు ఆసామి ఇష్టం. నీదేం పోయింది?" అంది.

"నీ మొగుడు మేస్త్రీ గాబట్టి అట్టా అంటావు!"

"మా బట్టల కొట్లో అంతే అక్కా," బట్టల కొట్లో పనిచేసే ఒక చిన్న వయసామె గొంతు పెంచింది, "మొన్న చేరినదానికీ నాకూ ఒకటే జీతం. నేను దేవుడికి చెప్పుకుని ఏడ్చాను. ఆయనే ఆసామి పక్షాన ఉన్నాడంటే నేనెవరికి చెప్పుకోవాలి?"

ఆ మాటతో నా తల పూర్తిగా తెరుచుకుంది. ఆమెకి జవాబు చెప్పాను, జవాబు మీద ఇంకొకామె లేచింది, ఆమెకీ చెప్పాను. కావలసిన మాటలన్నీ వరసగా వచ్చి నిలబడ్డాయి. ఒక పెద్దాయన కూడా లేచి "అసలు పొద్దున వచ్చినోడు పక్కోడి కూలి వైపు చూడ్డమే తప్పు" అని, తాను పెద్దనన్న సంగతి గుర్తొచ్చి కూర్చున్నాడు. ఇంకో పెద్దాయన మైకు లాక్కుని "స్తోత్రం, స్తోత్రం" అంటూనే ఉన్నాడు. ఎవరికీ వినబడలేదు. చివరికి గంట కొట్టించారు.

మరుసటి ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దలు నన్ను పక్కకి పిలిచారు.

"చెల్లెమ్మా, నీకు భారం ఉంది, తపన ఉంది. కానీ క్రమం లేదు. దేవుని మందిరం అడ్డా కాదు గదా. తరగతి అక్కకి ఇస్తున్నాం. నువ్వు ప్రార్థన చేస్తూ ఉండు."

మా సంఘంలో 'ప్రార్థన చేస్తూ ఉండు' అంటే 'ఇక అడగొద్దు' అని అర్థం. ఆటోలో ఇంటికి వస్తుంటే మా అత్తగారు కాసేపు బయటికి చూసి, "నా వల్లే పోయిందా?" అంది. కాదన్నాను. "నువ్వు పిలిస్తేనే గదా నోరు తెరిచాను, లేకపోతే నాకేం పని" అని, ఇంకాసేపటికి "అయినా నేనన్నది తప్పా?" అంది. ఇన్నేళ్ళలో ఆమె మాటకి ఎదురు చెప్పకుండా ఊరుకున్నది ఆ రోజే. ఆమెకి అది బాగా గుచ్చుకున్నట్టుంది, ఇంటికెళ్ళి తనే టీ పెట్టింది.

ఆ తర్వాత కొన్ని వారాలు ఆరాధనకి వెళ్ళాను, పాడాను, కానుక వేశాను, ఎవరితోనూ పెద్దగా మాట్లాడకుండా తిరిగొచ్చాను. స్త్రీల తరగతికి మాత్రం వెళ్ళలేదు. మా అత్తగారు వెళ్ళేది.

ఒక సాయంత్రం కిరాణా కొట్టు అక్క మా ఇంటికి వచ్చింది. కొట్టు వేళలో ఆమె గడప దాటి రావడం అంతకుముందు నేను చూడలేదు.

"చెల్లీ, ఆ ఆసామి సంగతి నాకు తేలలా" అంది, కూర్చోకుండానే.

"మీకు మొత్తం నోటికొచ్చు గదక్కా."

"నోటికొచ్చు. అదే చెబుతున్నా. మొన్న తరగతిలో మీ అత్తయ్య లేచి, 'సాయంత్రం వచ్చినోడు మర్నాడు ఎప్పుడొచ్చాడే?' అని అడిగింది. అది గ్రంథంలో లేదు పిన్నీ అన్నాను. 'లేదని నాకూ తెలుసు, నువ్వేమంటావు?' అంది. నేనేమంటాను? నేనేమంటానో నన్నెవరూ ఎప్పుడూ అడగలా చెల్లీ. ఇప్పుడు అందరూ అడుగుతున్నారు. అందరికీ రోగం అంటించి నువ్వు ఇంట్లో కూర్చున్నావు. వచ్చే శనివారం వచ్చి కూర్చో."

"నేను అడ్డం మాట్లాడతానక్కా."

"అందుకే రమ్మంటున్నా."

వెళ్ళాను. పెద్దలకి దీనికి అభ్యంతరం లేదు, ఎవరూ వాళ్ళకి చెప్పలేదు గాబట్టి. ఉపదేశకురాలి కుర్చీ అక్కది. నాకు చాప. నాకు కావాలనుకున్నది కుర్చీయే, చాప కాదు. ఆ సంగతి దాచిపెట్టి పరిశుద్ధురాలిలా నవ్వే ఓపిక నాకు లేదు.

ఆ రోజు అందరూ అడిగితే అక్క ఉపమానం మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. ఈసారి కళ్ళు మూసుకోలేదు, మెల్లగా, ఒక్కో మాటా చేత్తో తడిమి చూసుకుంటున్నట్టు చెప్పింది. పొద్దుగూకే వేళ అడ్డా మీద నిలబడ్డవాళ్ళని ఆ ఆసామి, మీరెందుకు పనిలేకుండా ఇక్కడే నిలబడి ఉన్నారని అడిగిన చోటికి వచ్చింది. దానికి వాళ్ళిచ్చిన జవాబు చెప్పబోయి ఆగింది. మరిచిపోయిందనుకున్నాం. ఆమె మరిచిపోవడమేంటని ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

"మమ్మల్ని ఎవరూ పిలవలేదన్నారు" అంది అక్క. "ఇన్నేళ్ళూ చెబుతూనే ఉన్నా. ఇప్పుడే వినబడింది."

వారాల తరబడి ఆ ఉపమానం మీద వాదించిన మనిషిని నేను. కూలి వైపు నుంచి వాదించాను, ఆసామి వైపు నుంచి వాదించాను. ఆ ఒక్క మాట నాకు కనబడలేదు. వాళ్ళు పొద్దుటి నుంచీ అక్కడే ఉన్నారు. ఇంట్లో పడుకుని సాయంత్రం వచ్చినవాళ్ళు కాదు. నిలబడి, వచ్చే ప్రతి ఆటో వైపూ ఆశగా చూస్తూ, ఎవరూ పిలవక నిలబడ్డవాళ్ళు. వల్లె వేసే గొంతుకి కూడా ఒక ఆలోచన ఉంటుందని, అది ఆగిన చోట నా వాదన చేరని లోతు ఒకటి ఉంటుందని నాకు అంతవరకూ తెలియదు. అడ్డం మాట్లాడడానికి నోరు తెరిచాను. ఏమీ రాలేదు.

మా అత్తగారు, "అవును, అట్టాంటోళ్ళు ఉండేవాళ్ళు" అంది. "ఆటో నిండిపోయిద్ది. మిగిలినోళ్ళ మొహాలు చూడకుండా ఎక్కమనేదాన్ని."

అక్క తన కుర్చీలోంచి లేచి వచ్చి, చీర సర్దుకుని, నా పక్కన చాప మీద కూర్చుంది. "ప్రార్థన నువ్వు చెయ్" అంది.

ఆ రోజు నేను చేసిన ప్రార్థనకి క్రమం లేదు. ఇప్పుడు కాస్త సర్ది ఇక్కడ చెబుతున్నాను. చదువుతున్న మీరు కూడా, ఎక్కడ కూర్చుని ఉన్నా, ఒక్క నిమిషం నాతో కలిసి తల వంచండి.

ప్రభువా, పిలుపు రాక ఇంకా నిలబడి ఉన్నవాళ్ళని చూడు. పొద్దు పూర్తిగా గూకకముందే రా. మా పెద్దలకి మంచి ఆరోగ్యాన్నీ, అంతకంటే మంచి చెవుల్నీ ఇవ్వు. అక్క గొంతు ఆగిన చోటల్లా మమ్మల్ని ఆగనివ్వు. ఆసామి చేసింది న్యాయమేనా అన్నది మాకింకా తేలలేదు, వచ్చే శనివారం మళ్ళీ అడుగుతాం, విసుక్కోకు. ఆమేన్.